నేలలోని మంచును లెక్కగట్టిన లెఫింగ్‌వెల్

వేసవి ముదిరిన కొద్దీ మోకా, సిరుగుప్ప ప్రాంతాలలోను, అటు ఆలూరు, ఆదోని వైపునా నల్లరేగడి నేలలు నెర్రెలు విచ్చుతాయి. మూరెడు కర్రను దింపితే కర్ర మొత్తం లోపలికి పోయే నెర్రెలు మన చేలలో కొత్త కాదు. మా బడిలో తెలుగు పిల్లలు వీటిని నెర్రెలంటారు, కన్నడ పిల్లలు బిరుకులంటారు. పేరేదైనా కారణం ఒక్కటే. రేగడిలోని బంకమట్టి నీరు తాగినప్పుడు ఉబ్బుతుంది, ఆరినప్పుడు ముడుచుకొంటుంది. ముడుచుకొన్న నేల ఎక్కడో ఒకచోట తెగక తప్పదు. మృగశిర కార్తె వానలు పడగానే నేల మళ్ళీ ఉబ్బి, ఆ నెర్రెలు మూసుకొనిపోతాయి. రైతు దుక్కి మొదలుపెడతాడు.

ఇదే విధంగా నెర్రెలు విచ్చి, మన నేలలాగా మళ్ళీ మూసుకోలేని నేల ఒకటి భూగోళానికి ఉత్తరపు అంచున ఉన్నది. అక్కడ నేలను చీల్చేది ఎండ కాదు, చలి. ఆ చీలికలో నిండేది మంచు. ఏళ్ళ తరబడి నిండుతూ పోయిన ఆ మంచు ఎట్లా పుట్టింది, నేలలో దాని వాటా ఎంత అన్న ప్రశ్నలకు మొదటిసారి నమ్మదగిన సమాధానం చెప్పిన మనిషి ఎర్నెస్ట్ డి కోవెన్ లెఫింగ్‌వెల్. మన బళ్ళారి జిల్లా భూగర్భాన్ని సమగ్రంగా పరిశీలించి 1895లో గ్రంథస్థం చేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్ దొరగారి పేరు మన ప్రాంతంలో చాలామందికి తెలుసు. ఫుట్ 1912లో మరణించారు. ఆ కాలంలోనే లెఫింగ్‌వెల్ అలాస్కా ఉత్తర తీరంలో, ఒక చిన్న దీవిలో నివసిస్తూ నేలను చదువుతున్నారు. భూగర్భశాస్త్రం చదివినవారిలో ప్రసిద్ధమైన ఆయన జీవితం మన పత్రికలలో అంతగా రాలేదు. అందుకే ఈ పరిచయం.

లెఫింగ్‌వెల్ 1875లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో, నాక్స్‌విల్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. తండ్రి చార్లెస్ వెస్లీ లెఫింగ్‌వెల్ క్రైస్తవ మతాచార్యుడు. ఆ ఊరిలోనే బాలికల కోసం ఒక పాఠశాలను నెలకొల్పి నడిపినవారు. అంటే ఉపాధ్యాయుని ఇంట పుట్టిన బిడ్డ. హార్ట్‌ఫర్డ్‌లోని ట్రినిటీ కళాశాలలో పట్టభద్రుడై, తరువాత షికాగో విశ్వవిద్యాలయంలో శాస్త్రాధ్యయనం సాగించారు. 1898లో అమెరికాకు, స్పెయిన్‌కు యుద్ధం వచ్చినప్పుడు నౌకాదళంలో చేరి యుద్ధనౌకపై పనిచేశారు. సముద్రం, ఓడ, దిక్సూచి, నక్షత్రాలు ఆయనకు అప్పటికే పరిచయమయ్యాయి.

ధ్రువ ప్రాంతాన్ని ఆయన తొలిసారి చూచినది 1901లో. బాల్డ్విన్, జీగ్లర్ అనేవారి పేరుతో సాగిన ఆ యాత్ర ఉత్తర ధ్రువాన్ని చేరాలన్న ఉద్దేశంతో ఫ్రాంజ్ జోసెఫ్ దీవులకు వెళ్ళింది. అందులో లెఫింగ్‌వెల్‌ది శాస్త్ర విభాగపు ముఖ్యుని స్థానం. ధనం దండిగా ఉన్నా, నాయకత్వం కుదరక ఆ యాత్ర ఏమీ సాధించకుండానే 1902లో వెనుదిరిగింది. అయితే ఆ విఫలయాత్రలో ఆయనకొక స్నేహితుడు దొరికాడు. అతడు డెన్మార్క్ దేశస్థుడైన ఐనార్ మికెల్సన్. ఇద్దరూ కలిసి తమదైన ఒక యాత్రను తలపెట్టారు. అలాస్కాకు ఉత్తరాన ఉన్న బోఫోర్ట్ సముద్రంలో ఇంకా ఎవరూ చూడని భూభాగం ఒకటి ఉండవచ్చునని ఆ రోజులలో కొందరు పండితులు నమ్మేవారు. దానిని కనుగొనడం వారి సంకల్పం.

1906లో డచెస్ ఆఫ్ బెడ్‌ఫర్డ్ అనే తెరచాప ఓడలో వారు బయలుదేరారు. అలాస్కా ఉత్తర తీరానికి చేరేసరికి మంచు అడ్డుపడింది. ఫ్లాక్స్‌మన్ అనే దీవి దగ్గర ఓడ మంచులో చిక్కుకొన్నది. 1907 వసంతంలో మికెల్సన్, లెఫింగ్‌వెల్, స్టోర్కర్ స్టోర్కర్సన్ అనే నావికుడు, ముగ్గురూ కుక్కలు లాగే మంచుబండ్లతో గడ్డకట్టిన సముద్రంపైకి నడిచారు. మంచులో రంధ్రం చేసి, గుండు కట్టిన తాడును దింపి, అడుగు ఎంత లోతున్నదో చూస్తూ పోయారు. కొంత దూరం వరకు అడుగు తగిలింది. ఆపైన చేతిలోని తాడంతా విడిచినా తగలలేదు. ఖండపు అంచు అక్కడితో ముగిసి, లోతైన సముద్రం మొదలైనదని వారికి అర్థమైంది. భూభాగమేదీ కనిపించలేదు. తిరిగివస్తుండగా మంచుఫలకాలు ప్రవాహంలో కదిలిపోతూ వారిని ఎక్కడెక్కడికో లాగికొనిపోయాయి. వారు చనిపోయారన్న వార్త కూడా లోకానికి పాకింది. చివరకు ముగ్గురూ ప్రాణాలతో తీరం చేరారు. అప్పటికి ఓడ దెబ్బతిని పనికిరాకుండా పోయింది. ఆ ఓడ కలపను ఊడదీసి దీవిపై ఇల్లు కట్టుకొన్నారు.

ఇక్కడ ఇద్దరు మిత్రుల దారులు వేరయ్యాయి. మికెల్సన్ ఆ ఏడే స్వదేశానికి బయలుదేరాడు. లెఫింగ్‌వెల్ మాత్రం ఆ కలప ఇంట్లోనే ఉండిపోయారు.

ఎందుకు ఉండిపోయారు? ఆయనను కట్టివేసినదేదో ఆయన చేసిన పనిని చూచి గ్రహించవలసిందే. క్రొత్త భూమిని కనుగొనడానికి వచ్చిన మనిషి కాళ్ళ క్రింది భూమిని చూడసాగారు. ఎవరికీ సరిగా తెలియని తీరం అది. ఉన్న పటాలు ఓడల మీద నుంచి చూచి గీసినవే. నదుల పేర్లు, కొండల వరుసలు, లోతులు ఏవీ నిశ్చయంగా లేవు. 1908లో ఒకసారి అమెరికాకు వెళ్ళి, తన సొంత చిన్న పడవలో 1909లో తిరిగివచ్చి 1912 వరకు ఉన్నారు. మళ్ళీ 1913లో వచ్చి 1914లో ముగించుకొని వెళ్ళారు. 1906 నుండి 1914 వరకు మొత్తం తొమ్మిది వేసవులు, ఆరు శీతకాలాలు అక్కడ గడిపారు. మంచుబండి మీద, చిన్న పడవ మీద 31 ప్రయాణాలు చేసి దాదాపు 4,500 మైళ్ళు తిరిగారు. 380 సార్లు గుడారం వేసి పీకారు. ఖర్చులో అధికభాగం సొంత కుటుంబానిదే. తండ్రి పంపిన సొమ్ముతో, జీతమన్నది లేకుండా, ఒక ప్రభుత్వ శాఖ చేయవలసిన పనిని ఒక్క మనిషి చేశాడని చెప్పుకోవడంలో అతిశయోక్తి లేదు.

కొలత విషయంలో ఆయన పట్టుదల చెప్పదగినది. 1811లో మన గుత్తి దగ్గర లాంబ్టన్ దొర ఆధారరేఖను కొలిచి, దానిమీద త్రికోణాలు కట్టుకొంటూ దేశపటాన్ని సాగించిన పద్ధతి మన ప్రాంతపు పెద్దలకు వినికిడిగానైనా తెలుసు. అదే పద్ధతి లెఫింగ్‌వెల్‌ది. ఒక దూరాన్ని కచ్చితంగా కొలిచి, థియోడొలైట్‌తో కోణాలు చూచి, త్రికోణం పక్కన త్రికోణంగా తీరమంతా పోయారు. దాదాపు 150 మైళ్ళ తీరానికి మొదటి నమ్మకమైన పటం ఈ విధంగా సిద్ధమైంది. తానున్న చోటు అక్షాంశ రేఖాంశాలను నిర్ణయించడానికి చలికాలపు రాత్రులలో నక్షత్రాలను చూచేవారు. అక్కడ చలికాలంలో సూర్యుడు దాదాపు రెండు నెలలు ఉదయించడు. వట్టి చేతితో లోహాన్ని తాకితే చర్మం అంటుకొనిపోయే చలిలో థియోడొలైట్ మరలు తిప్పడం ఎంతటి పనో మనం ఊహించుకోవలసిందే. ఆయన ఉన్నచోటికి తూర్పున, అలాస్కాకు, కెనడాకు నడుమ 141వ రేఖాంశం వెంట సరిహద్దు గీస్తూ వచ్చిన రెండు దేశాల సర్వే బృందాలు కూడా 1912లోనే ఆర్కిటిక్ తీరాన్ని చేరుకొన్నాయి. సరిహద్దు రాయి ఒక మూర ఇటో అటో జరిగితే ఏమవుతుందో మన జిల్లావారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆయన ఒంటరిగా ఇదంతా చేయలేదన్నది కూడా రాయాలి. ఆ తీరం ఇన్యూపియట్ అనే ప్రజలది. ఏ నది ఎప్పుడు విడుస్తుందో, మంచు ఎక్కడ నమ్మదగినదో, కుక్కలకు ఏ చేపలు వేయాలో వారికి తెలుసు. కొండలకు, నదులకు వారు పెట్టుకొన్న పేర్లను ఆయన సేకరించి పటంలో వాడుకొన్నారు. షుబ్లిక్, సాడ్లెరోచిట్ వంటి పేర్లు భూగర్భశాస్త్ర గ్రంథాలకెక్కినది అట్లానే.

ఇక అసలు విషయానికి వద్దాం. ఆ తీరంలో నేల రెండు అంతస్తుల మాదిరి ఉంటుంది. వేసవిలో పైన జానెడు మొదలు రెండు మూరల వరకు మాత్రమే కరుగుతుంది. దాని క్రింది నేల ఏడాది పొడవునా గడ్డకట్టే ఉంటుంది. దీనినే శాస్త్రజ్ఞులు పర్మాఫ్రాస్ట్ అంటారు. అలాస్కా ఉత్తర మైదానంలో కొన్నిచోట్ల అది 600 మీటర్ల లోతు వరకు ఉన్నది. ఆ గడ్డకట్టిన నేలలో, సముద్రపు అలలు కోసిన దిబ్బల అంచులలో, తెల్లని మంచుగడ్డలు గోడల్లాగా కనబడతాయి. 1816లో రష్యా నావికుడు కొట్జెబూ బృందం అలాస్కా పశ్చిమ తీరంలో ఇటువంటి మంచును, దానితోపాటు ప్రాచీనమైన ఏనుగుజాతి జంతువుల ఎముకలను చూచినప్పటి నుంచి వాదాలు సాగుతూ వచ్చాయి. ఇది పూర్వకాలపు హిమానీనదం మట్టిలో పూడిపోయిన ముక్క అని కొందరు, కొండవాలున పేరుకొన్న పాత మంచు మీద మన్ను పడి మిగిలినదని కొందరు చెప్పేవారు. ఎక్కువమంది ఓడ దిగి ఒక పూట చూచి పోయినవారే. వేసవిలో చూచి పోయేవారికి ఆ నేల చలికాలంలో ఏమి చేస్తుందో ఎట్లా తెలుస్తుంది?

లెఫింగ్‌వెల్ చలికాలం కూడా ఉన్నారు. నేల చప్పుడు చేయడం ఆయన విన్నారు. చలి హఠాత్తుగా పెరిగినప్పుడు గడ్డకట్టిన నేల ఇంకా ముడుచుకొని, పెద్ద శబ్దంతో పగిలేది. కాళ్ళక్రింద అదురు తెలిసేది. పగిలిన చీలిక వెడల్పు కొద్ది మిల్లీమీటర్లే. వేసవి మొదట్లో కరిగిన మంచునీరు ఆ చీలికలోకి జారుతుంది. క్రింద నేల ఇంకా గడ్డకట్టే ఉన్నది గనుక ఆ నీరు వెంటనే గడ్డకడుతుంది. నేల వెచ్చబడి వ్యాకోచించినా ఇప్పుడు చీలిక మూసుకొనే వీలు లేదు. అందులో మంచు కూర్చొని ఉన్నది. మరుసటి చలికాలం నేల తిరిగి పగిలేటప్పుడు బలహీనమైన ఆ పాత చోటే మళ్ళీ పగులుతుంది, మళ్ళీ ఒక సన్నని పొర చేరుతుంది. ఏడాదికి ఒక మిల్లీమీటరు చేరినదనుకొన్నా, వెయ్యేళ్ళకు ఒక మీటరు వెడల్పు అవుతుంది. పైన వెడల్పుగా, క్రిందికి పోను పోను సన్నగా, కట్టెలో దిగగొట్టిన చీలలాగా ఉంటుంది కాబట్టి దానిని మంచు చీల అందాం.

మన రేగడికి, ఆ నేలకు తేడా ఇదే. మన నెర్రెలో ఎండాకాలం పైమట్టి రాలి పడినా, వానలకు నేల ఉబ్బి మూసుకొంటుంది. అందుకే రేగడి తనను తాను దున్నుకొంటుందని పెద్దలంటారు. అక్కడి నెర్రె ఒకసారి మంచును మింగితే తిరిగి వదలదు.

ఊహ చెప్పడం సులభం, రుజువు చూపడం కష్టం. ఆయన రుజువులు కోత పడిన దిబ్బల అంచులలో దొరికాయి. మంచు చీల ఉన్న ప్రతిచోటా దానికి నేరుగా పైన నేల మీద ఒక పల్లపు గాడి ఉండేది. చీలలోని మంచులో గాలిబుడగలు అడ్డంగా కాక నిలువు వరుసలలో ఉండేవి; కొండ మీద పొరలు పొరలుగా పడిన మంచైతే అట్లా ఉండదు. చీలకు రెండు వైపులా మట్టి పొరలు పైకి వంగి ఉండేవి. ఎవరో లోపలి నుంచి నెట్టినట్లు. మంచు ఏటేటా వెడల్పవుతూ ఇరుపక్కల మట్టిని తోసినదనడానికి అంతకంటే సాక్ష్యం ఏమి కావాలి? వసంతంలో నేలమీద కనిపించిన క్రొత్త చీలిక సరిగ్గా మంచు చీల నడుమ గుండా క్రిందికి దిగడం కూడా ఆయన చూచారు.

ఈ గాడులు ఒకదానితో ఒకటి కలిసి నేలను గళ్ళు గళ్ళుగా విభజిస్తాయి. కొన్నిచోట్ల గాడులకు ఇరువైపులా మట్టి గట్లుగా లేచి, నడుమ నీరు నిలుస్తుంది. విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాలు చూస్తే, మన సిరుగుప్ప కాలువ క్రింద నాట్లు వేసిన మళ్ళు, గట్లు చూచినట్లే ఉంటుంది. ఎవరూ గట్లు వేయలేదు, ఎవరూ నాటలేదు. చలి గీసిన మళ్ళు అవి.

నేలలో మంచు ఎంత ఉన్నదో అంచనా కట్టడానికి ఈ గళ్ళే ఆయనకు ఆధారమయ్యాయి. పిల్లలకు అర్థమయ్యేటట్లు ఒక చిన్న లెక్క చేద్దాం. ఒక్కొక్క వైపు 15 మీటర్లు ఉన్న చదరపు మడి అనుకోండి. దాని చుట్టూ ఉన్న మంచు చీల పైభాగాన 2 మీటర్ల వెడల్పున్నది. అది పక్కమడికి కూడా సరిహద్దే గనుక మన మడికి వచ్చే వాటా చుట్టూ ఒక మీటరు. మొత్తం మడి 225 చదరపు మీటర్లు. లోపల మిగిలిన మట్టి 13 పెట్టు 13, అంటే 169. మిగతా 56 చదరపు మీటర్లు మంచు. అంటే చీల పైభాగం దగ్గర నాలుగో వంతు మంచే. అయితే చీల క్రిందికి సన్నబడుతుంది కాబట్టి, అది దిగినంత లోతుకు సగటు చూస్తే అందులో సగం, అంటే సుమారు ఎనిమిదో వంతు. అంకెలు ఇక్కడ నేను వేసుకొన్నవి, దారి మాత్రం ఆయనది. గళ్ళ పరిమాణం, చీలల వెడల్పు దిబ్బ వెంట నడిచి చూచుకొంటూ, పైపొరలో మంచు వాటాను అంచనా వేశారు. గొయ్యి తీయకుండానే, కోతపడిన అంచును చూచి నేల లోపలి లెక్క చెప్పడం ఇది. బావి త్రవ్వేవాడు పక్క బావి గోడను చూచి తన బావిలో రాయి ఎక్కడ తగులుతుందో చెప్పినట్లు.

ఈ సిద్ధాంతాన్ని ఆయన 1915లో షికాగో నుండి వెలువడే ఒక భూగర్భశాస్త్ర పత్రికలో ప్రకటించారు. తరువాత మొత్తం పరిశోధనను 1919లో అమెరికా భూగర్భ సర్వే సంస్థ 109వ సంఖ్య గల గ్రంథంగా ముద్రించింది. కానింగ్ నదీ ప్రాంతం గురించిన ఆ గ్రంథంలో పటాలు, కొండల శిలలు, తీరం, మంచు అన్నీ ఉన్నాయి. 1922లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఆయనకు స్వర్ణపతకం ఇచ్చింది. మంచు చీలల సిద్ధాంతం మాత్రం వెంటనే అందరికీ రుచించలేదు. దశాబ్దాల పాటు కొందరు పండితులు దానిని కాదంటూ వచ్చారు. 1962లో లాకెన్‌బ్రూక్ అనే శాస్త్రజ్ఞుడు నేల ముడుచుకొని పగిలే బలాలను గణితంతో లెక్కగట్టి, లెఫింగ్‌వెల్ చెప్పిన తీరే సరైనదని చూపారు. అప్పటికి లెఫింగ్‌వెల్ వయస్సు 87. తన మాట నిలిచిందని చూడగలగడం శాస్త్రజ్ఞులలో అందరికీ దక్కే భాగ్యం కాదు.

ఆయన చూచిన మరొక వింత ఫ్లాక్స్‌మన్ దీవిమీది రాళ్ళు. గులాబీరంగు గ్రానైటు వంటి బండలు అక్కడ నేలలో, ఒడ్డున చెల్లాచెదురుగా ఉన్నాయి. మన బళ్ళారి గుట్టలు చూచినవారికి గ్రానైటు బండ వింత కాదు, ఎటుచూచినా అదే. కానీ ఆ దీవి వెనుకనున్న కొండలలో అటువంటి రాయి లేదు. ఎక్కడో తూర్పున, కెనడా వైపు పుట్టిన రాళ్ళు తేలివచ్చిన మంచుతో కొట్టుకొనివచ్చి అక్కడ పడ్డాయన్న అభిప్రాయం తరువాతి పరిశోధకులలో స్థిరపడింది.

కొండలలో ఆయన గుర్తించి సాడ్లెరోచిట్ అని పేరుపెట్టిన ఇసుకరాతి వరుసకు మరొక కథ ఉన్నది. ఆ తీరంలో చమురు ఉండే అవకాశాన్ని కూడా ఆయన గమనించారు. 1968లో అక్కడికి పశ్చిమాన ఉన్న ప్రూడో అఖాతం దగ్గర ఉత్తర అమెరికాలోకెల్లా పెద్ద చమురు నిక్షేపం బయటపడింది. చమురు ప్రధానంగా ఉన్నది ఆ సాడ్లెరోచిట్ శిలావర్గంలోనే. సండూరు కొండల ఇనుప ఖనిజాన్ని ఫుట్ దొర వర్ణించి పోయిన ఎన్నో ఏళ్ళకు లారీలు వచ్చినట్లే, లెఫింగ్‌వెల్ మంచుబండి నడిచిన దారికి గొట్టాలు, యంత్రాలు వచ్చాయి. వేడి చమురును తీసుకొనిపోయే గొట్టాన్ని ఆ నేలలో పూడ్చిపెడితే చుట్టూ ఉన్న మంచు కరిగి గొట్టమే కుంగిపోతుంది. అందుకే 1977లో పూర్తయిన అలాస్కా గొట్టపు మార్గం 800 మైళ్ళలో సగానికి పైగా స్తంభాల మీద, నేలకు ఎత్తుగా సాగుతుంది. నేలలో మంచు ఎంతో తెలియకుండా అక్కడ ఇంటి పునాది కూడా వేయలేరు.

లెఫింగ్‌వెల్ అంచనాకు అందని మంచు కూడా ఉన్నది. మంచు చీలలే ఆ తీరపు నేలమంచులో ప్రధానమైనవని ఆయన తన వ్యాసానికి పేరే పెట్టారు. గోడలాగా కంటికి కనబడే మంచు విషయంలో అది నిజం. కానీ మట్టిరేణువుల సందులలో, సన్నని పొరలుగా మట్టిలో దాగిన మంచు దానికంటే ఎక్కువని తరువాత తేలింది. దానిని లెక్కించాలంటే గడ్డకట్టిన మట్టిని స్తంభంలాగా తొలిచి తీసి, కరగనివ్వకుండా తెచ్చి, తూచి, ఆరబెట్టి మళ్ళీ తూచాలి. మార్కెట్ యార్డులో వడ్ల తేమ చూచి ధర కట్టే పద్ధతి వంటిదే. 21వ శతాబ్దంలో కనెవ్‌స్కీ, షుర్ మొదలైన శాస్త్రజ్ఞులు అలాస్కా బోఫోర్ట్ తీరంలో 65 చోట్ల ఈ విధంగా పరీక్షించి 2013లో ఫలితాలు ప్రకటించారు. పైపొరలో మంచు చీలల వాటా సగటున 11 శాతం. మట్టిలో కలిసిన మంచునూ చేర్చితే మొత్తం 77 శాతం.

ఈ 77 అన్న అంకె దగ్గర కాస్త ఆగుదాం. పది బండ్ల మన్ను ఉన్నదని అనుకొన్నచోట నిజంగా ఉన్నది రెండు బండ్లకు కొంచెం ఎక్కువ. మిగిలినదంతా గడ్డకట్టిన నీరు. అది కరిగితే నేల కుంగడం కాదు, నేలే లేకుండా పోతుంది. సముద్రతీరంలో ఈ పని మరీ వేగంగా జరుగుతుంది. అలలు దిబ్బ పాదాన్ని తొలిచి గుహలా చేస్తాయి. పైనున్న దిబ్బ బరువుకు విరిగిపడుతుంది. విరిగేది ఎక్కడ? సరిగ్గా మంచు చీల ఉన్నచోట. ఒక్కొక్క మడి మొత్తంగా, ఇల్లంత గడ్డగా సముద్రంలో పడి, కొద్ది రోజులలో కరిగి మాయమవుతుంది. పడిన గడ్డలో మంచు ఎక్కువ, మన్ను తక్కువ గనుక ఒడ్డుకు అడ్డుగా నిలిచేదేమీ మిగలదు. అలాస్కా ఉత్తర తీరం సగటున ఏడాదికి ఒకటిన్నర మీటరుకు దగ్గరగా తరుగుతున్నది. డ్రూ పాయింట్ అనేచోట 15 మీటర్లకు పైబడి పోయిన ఏళ్ళున్నాయి. పూర్వం ఏడాదిలో అధికభాగం సముద్రం గడ్డకట్టి ఉండి అలలను ఆపేది. వాతావరణం వేడెక్కి, సముద్రం తెరచుకొని ఉండే రోజులు పెరగడంతో అలలకు చేయి దొరికింది.

తుంగభద్ర ఒడ్డున ఏరు కోతకు పోయిన పొలం ఎవరిదైనా ఉంటే వారికి ఇది అర్థమవుతుంది. పట్టా చేతిలో ఉంటుంది, పొలం ఉండదు. అక్కడ ఇన్యూపియట్ ప్రజలకు పోయేది పొలం కాదు. ఇళ్ళు, పూర్వులను పాతిపెట్టిన చోటు, చలికాలానికి మాంసం దాచుకొనే నేలమాళిగలు. ఆ మాళిగలు గడ్డకట్టిన నేలలోకి త్రవ్వినవి. కరెంటు లేని కాలం నుంచి వారికి నేలే శీతలపెట్టె. నేల వెచ్చబడి కొన్నిచోట్ల వాటిలోకి నీరు ఊరసాగింది. ఏ ఊరు ఎన్నేళ్ళు నిలుస్తుంది, ఏ దారి ముందు పోతుంది అని లెక్కకట్టేవారికి మొదట కావలసినది నేలలో మంచు ఎంత అన్న అంకెయే.

లెఫింగ్‌వెల్ 1914 తరువాత కాలిఫోర్నియాలో స్థిరపడ్డారు. తండ్రిగారికి అక్కడ పెద్ద నిమ్మతోట ఉండేది. ఆరు చలికాలాలు మంచులో గడిపిన మనిషి మిగిలిన జీవితం ఎండకాసే నేలలో గడిపారు. ఆర్కిటిక్ మీద మరో పెద్ద గ్రంథం రాయలేదు, మరో యాత్ర నడపలేదు. పేరు కోసం ధ్రువాలవైపు పరుగెత్తిన పియరీ, అముండ్సెన్‌ల కాలం అది. వారి పేర్లు మన పాఠ్యపుస్తకాలకెక్కాయి. ఒక దీవిలో ఉండిపోయి నేలను కొలిచినవారి పేరు ఎక్కలేదు. నా దృష్టిలో పటం విషయంలోను, నేల విషయంలోను ఆయన మిగిల్చినది వారు మిగిల్చినదానికి తీసిపోదు. 1971లో కార్మెల్ అనే ఊరిలో, 96 ఏళ్ళ వయస్సులో ఆయన కన్నుమూశారు.

డచెస్ ఆఫ్ బెడ్‌ఫర్డ్ ఓడ కలపతో కట్టిన ఇల్లున్న స్థలాన్ని అమెరికా ప్రభుత్వం 1978లో జాతీయ చారిత్రక స్థలంగా ప్రకటించింది. ఆ స్థలం ఉన్న ఫ్లాక్స్‌మన్ దీవి అంచులలో కూడా మంచు ఉన్నది. వేసవి వచ్చినప్పుడల్లా సముద్రం దానిని కొంత కొంతగా కోసుకొనిపోతూనే ఉన్నది.